ఆ ‘టప్’ శబ్దం వెనుక: కైరోప్రాక్టిక్ చికిత్సలో నిజంగా ఏం జరుగుతుంది

నడుం పట్టేసి చెప్పు తొడుక్కోవడానికి కూడా వంగలేని రోజున, ఫోన్‌లో కనిపించే కైరోప్రాక్టిక్ వీడియో పెద్ద ఆశ పుట్టిస్తుంది. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెడతారు, ఒక చెయ్యి భుజం మీద, ఇంకో చెయ్యి తుంటి మీద వేసి ఒక్క ఊపు ఊపుతారు. టపటపమని శబ్దం వస్తుంది. ఆ మనిషి లేచి నవ్వుతాడు. చూసేవాళ్ల మనసులో రెండు ప్రశ్నలు ఒకేసారి లేస్తాయి. నాకూ ఇలాగే తగ్గుతుందా? మెడ దగ్గర ఏదైనా తేడా జరిగితే నా గతేంటి?

రెండూ సరైన ప్రశ్నలే. కానీ వాటికి జవాబు ఆ శబ్దంలో దొరకదు. శబ్దానికి ముందు జరిగిన పరీక్షలో, ఆ తర్వాత నాలుగు వారాల్లో జరిగే మార్పులో దొరుకుతుంది. వీడియోలో సరిగ్గా ఈ రెండే కనిపించవు.

ఈ వైద్యం వయసు సుమారు నూట ముప్పై ఏళ్లు. 1895 సెప్టెంబరులో అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్ పట్టణంలో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన హార్వీ లిలార్డ్ అనే కార్మికుడి వీపు మీద పొడుచుకొచ్చినట్టున్న ఒక పూసను నొక్కాడనీ, దాంతో అతని వినికిడి మెరుగైందనీ చెప్పుకున్నాడు. పామర్ అప్పటిదాకా అయస్కాంత చికిత్స చేస్తుండేవాడు. చేతులతో చేసే పని అన్న అర్థం వచ్చే గ్రీకు మాటల నుంచి కైరోప్రాక్టిక్ అన్న పేరు పుట్టింది. పూసలు స్థానం తప్పి నరాలను నొక్కడమే దాదాపు అన్ని రోగాలకూ మూలమని పామర్ నమ్మాడు. ఆ స్థానభ్రంశానికి ‘సబ్‌లక్సేషన్’ అని పేరు పెట్టాడు. ఈ వైద్యం మీద ఇప్పటికీ నడుస్తున్న వాదాలన్నిటికీ మూలం ఈ ఒక్క మాటే. బ్రిటన్‌లో కైరోప్రాక్టర్లను నియంత్రించే జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిల్ 2010లో దీని గురించి స్పష్టంగా చెప్పింది: ఈ భావనకు చారిత్రక విలువ మాత్రమే ఉంది, రోగాలకు ఇదే కారణమనడానికి పరిశోధన ఆధారం లేదు. అంటే పాత సిద్ధాంతాన్ని వృత్తి లోపలే చాలామంది వదిలేశారు. వదలనివాళ్లూ ఉన్నారు. మనం ఎవరి దగ్గరికి వెళ్తున్నామన్నది అందుకే ముఖ్యం.

పూస జరుగుతుందా?

వెన్నెముకలో కదిలే పూసలు 24: మెడలో 7, వీపులో 12, నడుములో 5. వాటి కింద త్రికం అనే ముక్కోణపు ఎముక, దాని కొసన తోక ఎముక. ఒక పూసకూ ఇంకో పూసకూ మధ్య ముందువైపు డిస్క్ ఉంటుంది. వెనకవైపు కుడికొకటి, ఎడమకొకటి చిన్న కీళ్లుంటాయి. వేలి కణుపులో ఉన్నట్టే వీటిలోనూ మృదులాస్థి, జిగురులాంటి ద్రవం, చుట్టూ గట్టి తొడుగు ఉంటాయి. కైరోప్రాక్టర్ చెయ్యి పనిచేసేది ప్రధానంగా ఈ కీళ్ల మీద.

‘డిస్క్ జారింది’ అన్న మాట మన నోళ్లలో బాగా నానిపోయింది కానీ డిస్క్ సబ్బుబిళ్లలా జారేది కాదు. పైపూసకూ కిందిపూసకూ గట్టిగా అతుక్కుని ఉంటుంది. అంచు పొరలు బలహీనపడినప్పుడు లోపలి మెత్తని పదార్థం ఉబ్బవచ్చు, చీలిక గుండా బయటికి రావచ్చు. దాన్ని చేత్తో లోపలికి తోయడం కుదరదు. మంచి సంగతేమిటంటే, చాలామందిలో అలా బయటికొచ్చిన భాగాన్ని నెలల వ్యవధిలో శరీరమే పీల్చేసుకుంటుంది. అందుకే ‘డిస్క్‌ను లోపలికి నెట్టేశాను’ అని ఎవరైనా చెబితే, ఆ మనిషికి చికిత్స వచ్చో రాదో గానీ, వివరణ మాత్రం తప్పు.

ఇక శబ్దం సంగతి. మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ, వెన్నులో వచ్చేదీ ఒకటే. కీలు తొడుగును ఒక్కసారిగా ఎడం చేస్తే లోపలి ఒత్తిడి పడిపోతుంది, ద్రవంలో కరిగి ఉన్న వాయువు ఖాళీ బుడగలా ఏర్పడుతుంది. బుడగ పేలడం వల్ల శబ్దం వస్తుందని 1971 నుంచి చాలాకాలం అనుకున్నారు. 2015లో వేలిని లాగుతుండగానే ఎమ్మారైతో చిత్రీకరించి చూస్తే, బుడగ ఏర్పడే క్షణంలోనే శబ్దం వస్తోందనీ, శబ్దం వచ్చాక కూడా ఆ ఖాళీ కనిపిస్తూనే ఉందనీ తేలింది. వాయువు మళ్లీ కరగడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఒకసారి విరిచిన మెటిక వెంటనే మళ్లీ విరగకపోవడానికి కారణం అదే. ఎముక ఎముకకు తగిలి వచ్చే శబ్దం కాదు, పూస గూట్లోకి వెళ్లిన శబ్దం అంతకన్నా కాదు.

మరి పూస స్థానం మారుతుందా అని నేరుగా కొలిచినవాళ్లున్నారు. 1998లో ప్రచురించిన ఒక స్వీడన్ అధ్యయనంలో నడుముకూ తుంటికీ మధ్యనున్న కీలు స్థానాన్ని చికిత్సకు ముందూ తర్వాతా అతి సూక్ష్మంగా కొలిచే ఎక్స్‌రే పద్ధతితో చూశారు. చేతి పరీక్షలో మాత్రం తేడా వచ్చినట్టే తోచింది, కానీ ఎముకల స్థానం మారలేదు. 2004లో ఇంకొకరు శబ్దం ఏ కీలు నుంచి వస్తోందో పరికరాలతో పట్టుకున్నారు. నడుములో గురి పెట్టిన చోటుకూ శబ్దం వచ్చిన చోటుకూ సగటున 5 సెంటీమీటర్ల తేడా ఉంది. అంటే కనీసం ఒక పూస అవతల. పైగా ఒక్క ఊపుకు చాలాసార్లు ఒకటికి మించిన కీళ్లు మోగాయి. ‘నాలుగో పూస జరిగింది, సరిచేశాను’ అన్న మాటకు శరీరం లోపల ఆధారం ఎంత తక్కువో ఈ రెండు కొలతలే చెబుతాయి.

అయితే చికిత్స వట్టిదేనా? కాదు. పూస జరగకపోయినా నొప్పి తగ్గడం నిజం. కీలునూ దాని చుట్టూ ఉన్న పొట్టి కండరాలనూ వేగంగా సాగదీసినప్పుడు, వాటిలో ఉండే, సాగుదలను పసిగట్టే నరాల కొసల నుంచి వెన్నుపాముకు సంకేతాల వరద వెళ్తుంది. నొప్పి సంకేతాల జోరు కాసేపు తగ్గుతుంది. బిగుసుకుపోయిన కండరం పట్టు వదులుతుంది. భయంతో బిర్రబిగుసుకుని నడుస్తున్న మనిషికి ‘నా నడుం కదులుతోంది’ అని మొదటిసారి తెలుస్తుంది. ఈ చివరిదాన్ని తక్కువగా చూడకూడదు. నడుం నొప్పి ముదరడానికి ‘కదిలితే ఏమవుతుందో’ అన్న భయం పెద్ద కారణాల్లో ఒకటి. చికిత్స ఇచ్చే అసలు లాభం ఒక వెసులుబాటు: నొప్పి తగ్గిన ఆ కొన్ని గంటల్లో, కొన్ని రోజుల్లో మనిషి నడవాలి, వ్యాయామం చెయ్యాలి. ఆ సమయం పడకమీద గడిస్తే పట్టేసిన నడుం మళ్లీ పట్టేస్తుంది.

దేనికి పనికొస్తుంది, దేనికి రాదు

ఎక్కువ ఆధారం నడుం నొప్పికే ఉంది. నడుం నొప్పుల్లో పదింట తొమ్మిదింటికి ఫలానా ఎముక, ఫలానా నరం అని వేలు పెట్టి చూపించగల కారణం ఉండదు. ఆ తొమ్మిదే ఈ చికిత్స రంగం. 2017లో జామా అనే వైద్య పత్రిక ప్రచురించిన సమీక్ష ప్రకారం, కొత్తగా మొదలైన నడుం నొప్పిలో వెన్ను మ్యానిప్యులేషన్ (చేత్తో వేగంగా ఊపే ఈ చికిత్స) వల్ల, నొప్పిని నూటికి కొలిస్తే, ఆరు వారాల్లోపు పది పాయింట్ల మేర తగ్గింది. అంటే లాభం ఉంది, మోస్తరు లాభం. అదే ఏడాది అమెరికా వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ నడుం నొప్పికి మాత్రల కంటే ముందు వేడి కాపడం, మర్దన, మ్యానిప్యులేషన్ లాంటివి చూడమంది. 2018లో 750 మంది అమెరికా సైనికులతో చేసిన పరీక్షలో మామూలు వైద్యానికి కైరోప్రాక్టిక్ తోడైనవాళ్లకు, ఆరు వారాలకు, మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్లకన్నా నొప్పి ఎక్కువ తగ్గింది. దీర్ఘకాలపు నడుం నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ దీనికి చోటుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ మాత్రం 2016 నుంచీ ఒక షరతు పెడుతోంది: వ్యాయామంతో కలిపితేనే చేతి చికిత్స వాడాలి, ఒంటరిగా కాదు. అన్నిటికన్నా ఉపయోగపడే వాక్యం ఇదేనని మా అభిప్రాయం.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. దీర్ఘకాలపు నొప్పిలో ఈ చికిత్స ఫలితం వ్యాయామం లాంటి ఇతర మంచి చికిత్సలతో ఇంచుమించు సమానమే. వాటిని మించదు. మెడ నొప్పికీ, మెడ కీళ్ల నుంచి పుట్టే తలనొప్పికీ కొంత ఆధారం ఉంది. ఉబ్బసం, పసిపిల్లల కడుపునొప్పి ఏడుపు, చెవిలో ఇన్ఫెక్షన్లు, రక్తపోటు, రోగనిరోధక శక్తి లాంటివి వెన్ను సర్దితే బాగవుతాయనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. ‘వెన్ను సరిగా ఉంటే ఏ రోగమూ రాదు’ అన్న బోర్డు కనిపిస్తే, అక్కడ 1895 నాటి సిద్ధాంతమే నడుస్తోందని అర్థం.

వేగంగా ఊపి చేసే ఈ మ్యానిప్యులేషన్ కైరోప్రాక్టర్ల సొత్తేమీ కాదు. శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టులు, ఆస్టియోపతీ వైద్యులు కూడా చేస్తారు. కైరోప్రాక్టర్ చదువు ఎంత ఉండాలన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఒక కొలత ఇచ్చింది: నాలుగేళ్ల పూర్తికాలపు చదువు, తరగతి, క్లినిక్ కలిపి కనీసం 4200 గంటలు, అందులో పర్యవేక్షణ కింద రోగులను చూసే శిక్షణ కనీసం 1000 గంటలు. వారాంతపు కోర్సులో నేర్చుకున్న చెయ్యికీ ఈ చెయ్యికీ తేడా ఊపడంలో పెద్దగా కనిపించదు. ఊపకూడని మనిషిని గుర్తుపట్టడంలో కనిపిస్తుంది. ‘ఎక్కడ చదివారు, ఎన్నేళ్ల కోర్సు, రిజిస్ట్రేషన్ ఉందా’ అని అడగడం అమర్యాద కాదు.

మొదటి రోజు: పరీక్షే అసలు పని

మొదటి సందర్శనకు అరగంట నుంచి గంట పట్టాలి. అందులో సగం మాటలే. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే పెరుగుతుంది, కాలిలోకి దిగుతుందా, మోకాలు దాటుతుందా, రాత్రి నిద్రలోంచి లేపుతుందా, వాడుతున్న మందులేమిటి అని అడుగుతారు. వీటి మధ్యలో నొప్పికి సంబంధం లేనట్టుండే ప్రశ్నలు కూడా వస్తాయి: కారణం లేకుండా బరువు తగ్గారా, జ్వరం వస్తోందా, ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చిందా, చాలాకాలం స్టిరాయిడ్లు వాడారా, ఈ మధ్య పడ్డారా, మూత్రం మామూలుగా వస్తోందా. ఇవి అడగకుండా బల్ల ఎక్కమన్నవాళ్ల బల్ల ఎక్కకపోవడం మంచిది. ఈ ప్రశ్నల వెనక ఉన్నవి ఎముక విరగడం, వెన్నులో ఇన్ఫెక్షన్, కణితి, నరాల కట్ట నలిగిపోవడం. వాటిలో ఏది ఉన్నా చేతి చికిత్స ఆపి ఆసుపత్రికి పంపాలి.

వెళ్లేటప్పుడు పాత స్కాన్లు, వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్లండి. వదులు బట్టలు వేసుకోండి. కడుపు నిండా తిన్న వెంటనే వెళ్లొద్దు, బోర్లా పడుకోవడం కష్టమవుతుంది.

తర్వాత శరీర పరీక్ష. కాలిలోకి దిగే నొప్పి ఉన్నవాళ్లకు చేసే ఒక పరీక్షను దగ్గర నుంచి చూద్దాం. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా, మడమ కింద చెయ్యి పెట్టి కాలును నెమ్మదిగా పైకెత్తుతారు. సుమారు 30 నుంచి 70 డిగ్రీల మధ్య ఎక్కడో ఒకచోట, మోకాలు దాటి పిక్కలోకో పాదంలోకో కరెంటు షాక్‌లా నొప్పి దిగిందంటే నరం వేరు ఒరుసుకుంటోందని అనుమానిస్తారు. తొడ వెనక కండరం లాగినట్టు మాత్రమే ఉంటే అది బిగుసుకుపోయిన కండరమే, నరం కాదు. ఈ తేడాను రోగి మాటల్లోనే చెప్పాలి, కాబట్టి ‘నొప్పి’ అని ఊరుకోకుండా ఎక్కడ, ఎలాంటిది అని చెప్పండి.

ఆ తర్వాత మడమల మీద నాలుగు అడుగులు, మునివేళ్ల మీద నాలుగు అడుగులు నడిపిస్తారు. మడమల మీద నిలబడలేకపోయినా, బొటనవేలిని పైకెత్తే బలం తగ్గినా నడుములో అయిదో నరం వైపు చూస్తారు. మునివేళ్ల మీద లేవలేకపోయినా, మడమ వెనక సుత్తితో తడితే పాదం ఎగరకపోయినా త్రికంలో మొదటి నరం. స్పర్శ కూడా అలాగే పంచుకుని ఉంటుంది: పిక్క లోపలి అంచు నాలుగోది, పాదం పైభాగమూ బొటనవేలూ అయిదోది, చిటికెన వేలి వైపు అంచు త్రికపు మొదటిది. బలం, స్పర్శ, ప్రతిచర్య మూడూ ఒకే నరాన్ని చూపిస్తే కథ నమ్మదగ్గది. బలం రోజురోజుకూ తగ్గుతుంటే అది మ్యానిప్యులేషన్ చెయ్యాల్సిన సమయం కాదు.

ఇవన్నీ వదిలేసి, పడుకోబెట్టి రెండు మడమలూ పక్కపక్కన పెట్టి ‘మీ ఎడమ కాలు పొట్టిగా ఉంది’ అని చెప్పేవాళ్లూ ఉంటారు. పడుకున్న తీరును బట్టే కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. చికిత్స తర్వాత ‘చూశారా, సమానమైంది’ అనడమూ అంతే.

ఎక్స్‌రే అందరికీ అక్కర్లేదు. పైన చెప్పిన ప్రమాద సంకేతాలు లేనప్పుడు, కొత్త నడుం నొప్పికి మొదటి ఆరు వారాల్లో ఎక్స్‌రే, స్కాన్ వద్దని ప్రధాన మార్గదర్శకాలన్నీ చెబుతాయి. అమెరికన్ కైరోప్రాక్టిక్ అసోసియేషన్ కూడా 2017లో ఇదే మాట అంది. ఖర్చు, రేడియేషన్ ఒక కారణం. ఇంకో కారణం మరీ పెద్దది: స్కాన్‌లో కనిపించే మార్పులు నొప్పి లేనివాళ్లలోనూ ఉంటాయి. నొప్పి అసలే లేని 3110 మంది స్కాన్లను కలిపి చూసిన 2015 సమీక్షలో, ఇరవై ఏళ్ల వాళ్లలో 37 శాతానికీ, ఎనభై ఏళ్ల వాళ్లలో 96 శాతానికీ డిస్క్ అరుగుదల కనిపించింది. డిస్క్ ఉబ్బు ఇరవైల్లోనే 30 శాతం మందికి ఉంది. నెరిసిన జుట్టులాంటిదే ఇది. ఆ రిపోర్టులో మాటలు చదివి ‘నా వెన్ను పాడైపోయింది’ అని వంగడం మానేసినవాళ్లకు నొప్పి కంటే ఆ భయమే ఎక్కువ చేటు చేస్తుంది. ‘మెడ వంపు పోయింది’ అన్నదీ అంతే. కండరం బిగుసుకున్నా, ఎక్స్‌రే తీసేటప్పుడు గడ్డం కాస్త దించినా వంపు తగ్గినట్టు కనిపించవచ్చు.

బల్ల మీద

నడుముకు ఎక్కువగా చేసేది పక్కకు తిప్పి పడుకోబెట్టే పద్ధతి. కుడి పక్కకు తిరిగి పడుకున్నారనుకోండి. కింది కాలు చాపి, పై కాలు మడిచి, ఆ పాదాన్ని కింది మోకాలి వెనక ఆనిస్తారు. కింది చేతిని కాస్త ముందుకు లాగితే ఛాతీ పైకప్పు వైపు తిరుగుతుంది. నడుము ఒక దిక్కుకు, భుజాలు ఇంకో దిక్కుకు తిరిగి మధ్యలో మెలిక పడుతుంది. కైరోప్రాక్టర్ ఒక చేత్తో భుజాన్ని నిలిపి, రెండో చేతి మణికట్టు దగ్గరి ఎముకను నడుం మీదో తుంటి మీదో ఆనిస్తారు. ఇంకా కదిలే వెసులుబాటు ఏదైనా ఉంటే నెమ్మదిగా తీసేస్తారు. ఊపిరి వదలమంటారు. ఆ వదిలే క్షణంలో, సెకనులో అయిదో వంతు కన్నా తక్కువ సమయంలో, చిన్న దూరానికి వేగంగా ఒక ఊపు. బలం మనం అనుకునేంత ఉండదు. వీపులో చేసే ఊపుకు సుమారు 400 న్యూటన్లు, అంటే 40 కిలోల బరువు ఆనినంత. మెడలో దాదాపు అందులో నాలుగో వంతు. పని చేసేది వేగమే.

ఊపుకు ముందు ఆ మెలికలో పట్టి ఉంచే రెండు మూడు సెకన్లు రోగి చేతిలో ఉన్న అసలైన రక్షణ. అక్కడ లాగినట్టు, బిగువుగా ఉండాలి. నొప్పి కాలిలోకి దిగినా, చెయ్యి తిమ్మిరెక్కినా, కళ్లు తిరిగినా వెంటనే ‘ఆపండి’ అనాలి. ఆ భంగిమ ఆ శరీరానికి సరిపడదని అర్థం. భంగిమ మార్చాలి, లేదా ఊపు మానేయాలి.

ఇక్కడ తప్పులు రెండు వైపులా జరుగుతాయి. రోగి భయంతో ఊపిరి బిగబడితే కండరాలు అడ్డం పడతాయి, అదే ఫలితానికి ఎక్కువ బలం కావాల్సి వస్తుంది, మర్నాడు ఒళ్లు పచ్చిపుండులా ఉంటుంది. చికిత్స చేసేవారు శబ్దం రాలేదని అదే చోట మూడోసారి, నాలుగోసారి ఊపడం ఇంకో తప్పు. శబ్దం రాకపోయినా ఫలితం వస్తుంది, వచ్చినా రాకపోవచ్చు. ఇంట్లో తమంతట తాము మెడ విరుచుకునే అలవాటు కూడా ఇలాంటిదే. అలా విరిచినప్పుడు ముందు మోగేవి అప్పటికే వదులుగా ఉన్న కీళ్లు. బిగుసుకున్నది బిగుసుకునే ఉంటుంది. కాసేపు హాయిగా ఉండి, మళ్లీ విరవాలనిపించడం అందుకే.

ఊపంటే భయమున్నవాళ్లకు, వయసు మీరినవాళ్లకు, ఎముకలు బలహీనంగా ఉన్నవాళ్లకు వేరే దారులున్నాయి. బల్లలో ఒక భాగం అంగుళం లోపు కిందికి పడేలా చేసి బలాన్ని తగ్గిస్తారు. స్ప్రింగు ఉన్న చిన్న పరికరంతో తట్టుతారు. నడుం భాగం కిందికి వంగే బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, నెమ్మదిగా లయబద్ధంగా వెన్నును సాగదీస్తారు. కాలు నొప్పి ఉన్నవాళ్లకు ఈ చివరి పద్ధతి ఎక్కువగా వాడతారు. ‘ఊపు లేకుండా చేయగలరా’ అని అడిగితే కాదనని వారే మంచి చికిత్సకులు.

ఇంటికి వెళ్లాక ఆ సాయంత్రం గానీ మర్నాడు గానీ ఒళ్లు నొప్పులు, బిగుసుకున్నట్టుండటం, అలసట, తేలికపాటి తలనొప్పి చాలామందికి వస్తాయి. దాదాపు సగం మంది దాకా ఇలా అంటారు. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఆ రోజు బరువులెత్తకుండా, పడుకుని ఉండిపోకుండా మామూలుగా నడవండి. మూడు రోజులు దాటినా తగ్గకపోతే, లేదా ముందు లేని తిమ్మిరి కొత్తగా వస్తే, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి.

మెడ విషయంలో మాట్లాడాల్సిన ప్రమాదం

మెడలో రెండు పక్కలా పూసల రంధ్రాల్లోంచి మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే ధమనులుంటాయి. పుర్రె కిందికి చేరేసరికి అవి మొదటి పూస చుట్టూ మెలికలు తిరుగుతాయి. ఆ ధమని లోపలి పొర చిరిగితే గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు. ఇది చాలా అరుదు, కానీ జరిగినప్పుడు చిన్న విషయం కాదు. మెడ మ్యానిప్యులేషన్‌కూ ఈ చిరుగుకూ సంబంధం కనిపిస్తోందనీ, మెడ ఊపే ముందు రోగికి ఈ మాట చెప్పాలనీ అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో చెప్పింది. ఇందులో ఒక చిక్కుముడి ఉంది. ధమని చిరగడం మొదలైనప్పుడు మొదట వచ్చేది మెడనొప్పి, తలనొప్పి. ఆ నొప్పితోనే మనిషి కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తాడు. 2008లో కెనడాలో చేసిన పెద్ద అధ్యయనంలో, మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లలోనూ ఇలాంటి సంబంధమే కనిపించింది. అంటే కొన్నిసార్లు చిరుగు ముందే ఉండి ఉంటుంది. కానీ రోగికి దీని అర్థం ‘భయం లేదు’ అని కాదు. అప్పటికే చిరిగిన ధమని ఉన్న మెడను ఊపడమే అన్నిటికన్నా ప్రమాదం.

కాబట్టి ఇంతకుముందెన్నడూ లేనంత తీవ్రంగా, ఒక పక్కే, హఠాత్తుగా వచ్చిన మెడనొప్పికీ తలనొప్పికీ మెడ ఊపించుకోవద్దు. కళ్లు తిరగడం, వస్తువులు రెండుగా కనిపించడం, మాట తడబడటం, మింగడం కష్టం కావడం, ముఖం మొద్దుబారడం, నడక తూలడం, కాళ్ల కింద పట్టు తప్పి కూలబడటం — వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, చికిత్సకు ముందైనా తర్వాతైనా, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

నడుములో ఇలాంటి అత్యవసరం ఇంకొకటి: జీను మీద కూర్చుంటే తగిలే చోటంతా, అంటే మలమూత్ర ద్వారాల చుట్టూ, మొద్దుబారడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం. వెన్నెముక చివరి నరాల కట్ట నలిగిపోతోందన్నమాట. గంటలు గడిచేకొద్దీ నష్టం శాశ్వతమవుతుంది.

ఎముకలు బాగా గుల్లబారినవాళ్లు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, వెన్నులో క్యాన్సర్ లేదా ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లు, కొత్తగా ఎముక విరిగినవాళ్లు ఊపు చికిత్స చేయించుకోకూడదు. రుమటాయిడ్ కీళ్లవాతం, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో మెడ మొదటి రెండు పూసలను పట్టి ఉంచే బంధాలు సడలి ఉండొచ్చు, వాళ్ల మెడ జోలికి వెళ్లకూడదు. గర్భిణులకు పొట్ట మీద ఒత్తిడి పడకుండా పక్కకు పడుకోబెట్టి తేలిక పద్ధతులతో చేస్తారు, ప్రసవ వైద్యులకు ముందే చెప్పాలి.

ఎన్నిసార్లు వెళ్లాలి

మామూలుగా మొదటి రెండు మూడు వారాలు వారానికి రెండు సార్లు, తర్వాత ఎడం పెంచుకుంటూ పోతారు. ఎన్నిసార్లన్నదానికి ఒక మంచి కొలత ఉంది. 2014లో దీర్ఘకాల నడుం నొప్పి ఉన్న 400 మందిని నాలుగు జట్లు చేసి 0, 6, 12, 18 సార్లు మ్యానిప్యులేషన్ చేసి చూస్తే, 12 సార్లు చేసినవాళ్లకు ఎక్కువ లాభం కనిపించింది. 18కి పెంచితే అదనంగా ఒరిగింది లేదు. అంటే 12కి పైగా ఒకేసారి డబ్బు కట్టించుకునే యాభై, వంద సందర్శనల ప్యాకేజీకి ఆధారం లేదు. ‘ఇప్పుడు మానేస్తే వెన్ను మళ్లీ పక్కకు పోతుంది’ అన్న మాట అమ్మకపు మాట. పూస అసలు పక్కకు పోలేదు కదా.

మొదటి రోజే మూడు కొలతలు రాసి పెట్టించుకోండి: పదికి నొప్పి ఎంత, ఎంత దూరం ఆగకుండా నడవగలరు, ముందుకు వంగితే వేళ్లు ఎక్కడిదాకా వస్తాయి. ఆరు సందర్శనల తర్వాత, లేదా నాలుగు వారాలకు, అవే మూడు మళ్లీ కొలిపించండి. కాలినొప్పి ఉన్నవాళ్లు నాలుగోదిగా అది ఎక్కడిదాకా దిగుతోందో చూసుకోవాలి. పాదం నుంచి పిక్కకు, పిక్క నుంచి పిరుదుకు వెనక్కి తగ్గుతూ వస్తుంటే, పిరుదు దగ్గర నొప్పి కాస్త పెరిగినా సరే, దారి మంచిదే. పిరుదు నుంచి పాదానికి దిగుతుంటే వద్దు. ఇంటికి ఇచ్చిన వ్యాయామం ఏమిటో ఒకసారి చేసి చూపించమని అడగండి. వ్యాయామమే ఇవ్వలేదంటే సగం చికిత్స మిగిలిపోయినట్టే. నాలుగు వారాలకు ఏ కొలతా కదలకపోతే, ఆ రిపోర్టు తీసుకుని ఎముకల డాక్టర్ దగ్గరికో నరాల డాక్టర్ దగ్గరికో వెళ్లాలి. ఆ ఉత్తరం రాసి చేతికివ్వడం కూడా కైరోప్రాక్టర్ పనిలో భాగమే.